పది ఇరవైకి తిరిగే ఫ్యాను

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఎవరో ఒకరు ఇంటికొచ్చి, ఈ బిడ్డను పెంచడం నీ వల్ల కాదని తేల్చేసి, పాపను చేతుల్లోంచి తీసుకుపోతారని.

తక్కిన భయాలన్నీ దానికి పుట్టిన పిల్లలే. పాలు తాగుతూ పాపకు పొలమారితే భయం. పొలమారకుండా నిద్రపోతే ఇంకా భయం. నిద్రలో పాప నవ్వితే ముచ్చటపడాల్సింది పోయి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. ఆ వేలు తగిలి పాప ఉలిక్కిపడి లేస్తే అమ్మయ్య అనుకునేది. ఆ తర్వాత ఆ ఏడుపు ఆపలేక తనూ కూర్చుని ఏడ్చేది.

పాపకు అయిదో నెల. రెండో అంతస్తులో రెండు గదుల వాటా వాళ్ళది. ముందు గదిలో మంచం, ఉయ్యాల, బీరువా, కిటికీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, బాల్కనీ తలుపు. వెనక గది వంటిల్లు. కింద బెల్లు నొక్కితే పైన మోగదు కాబట్టి వచ్చినవాళ్ళు మెట్లెక్కి తలుపు కొట్టాలి. కొట్టేవాళ్ళు మాత్రం ఎవరున్నారు కనుక. భర్త సొరంగం తవ్వేచోట ఎలక్ట్రీషియన్. పదిహేను రోజులకోసారి వచ్చి రెండు రోజులుంటాడు. పనిలోకి దిగేముందు గేటు దగ్గర పెట్టెలో ఫోను పడేసి వెళ్ళాలి. మళ్ళీ నాలుగున్నరకు బయటికొస్తేనే అతని గొంతు వినపడేది.

ఇక ఆమెకున్నదల్లా అక్క. చిన్నప్పుడే అమ్మ పోతే అక్క టికెట్ల మిషను మెడలో వేసుకుని బస్సెక్కింది. కండక్టరు ఉద్యోగం చేసి చెల్లెలికి అన్నం పెట్టింది, జడ వేసింది, బడికి పంపింది. పదో తరగతి సగంలో చెల్లెలే బడి మానేసింది. అక్కకు కామెర్లు వచ్చి మంచాన పడితే చూసుకునే దిక్కు లేక. ఒకళ్ళ ప్రాణం ఒకళ్ళు మోసిన అక్కచెల్లెళ్ళు.

మూడు నెలల కిందట ఇంటికొచ్చినప్పుడు భర్త ఒక చిన్న డబ్బా తెచ్చాడు. మూత తీసి చూపించాడు. పేకముక్కంత ఆకుపచ్చ బోర్డు.

"ఇదే కంప్యూటరు, చిన్నీ."

"ఇదా? మరి తెర ఏదీ, బటన్లేవీ?"

"అవి కూడా ఉంటే నువ్వు సీరియళ్ళు చూస్తూ కూర్చుంటావని తీసేశారు."

దానికి శనగగింజంత కెమెరా ఒకటి తగిలించి బీరువా మీద పెట్టాడు. ఇక వంటింట్లో ఉన్నా ఫోనులో పాప కనపడుతూ ఉంటుంది, నీకు భయం ఉండదు అన్నాడు. అడగకుండానే తన బాధ కనిపెట్టాడని ఆమె పొంగిపోయింది. అందరు మగవాళ్ళకూ ఈ ధ్యాస ఉంటుందా అనుకుంది.

ఒక్కటే వంక. ఫోనులో చూస్తే ఉయ్యాల ఎడమ మూలన ఎక్కడో నక్కి ఉండేది. నడిమధ్యలో బాల్కనీ తలుపు.

"కాస్త ఇటు తిప్పరాదూ? తలుపుతో నాకేం పని?"

"వైరు అందదు చిన్నీ."

వైరు అందకపోతే ఎవరేం చేస్తారు. ఊరుకుంది.

ఎండలు ముదిరేదాకా అంతా బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతూ, గూట్లో ఆనించిన ఫోను వైపు చూస్తే పాప కదలడం లేదు. ఒక చెయ్యి పైకెత్తి, అలాగే గాల్లో ఉంది. పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. చెయ్యి దిగలేదు. సబ్బు చేతులతోనే పరిగెత్తింది. గడప దగ్గర జారి మోకాలు చీరుకుపోయింది. ఎలా లేచిందో, ఎలా వెళ్ళిందో. ఉయ్యాలలో పాప తన కాలి బొటనవేలు తనే నోట్లో పెట్టుకునే పనిలో మహా తీరిక లేకుండా ఉంది. ఆగిపోయింది ఫోనులోని బొమ్మ.

సాయంత్రం నాలుగున్నరకు భర్తకు ఫోనులో అంతా చెప్పింది.

"చిప్పు వేడెక్కి ఉంటుంది," అన్నాడతను. "ఒళ్ళు కాలిపోతుంటే మనం ముసుగు పెట్టి పడుకోమూ, అదీ అంతే. బుల్లి ఫ్యాను ఒకటి తగిలిస్తే సరి. నేనొచ్చేదాకా ఆగకు, నువ్వే పెట్టెయ్."

"నేనా? బల్బు మార్చాలంటేనే మీకోసం పదిహేను రోజులు చీకట్లో కూర్చుంటాను."

"బల్బు కంటే తేలిక. అయిదు ఓల్టులు, షాకు కొట్టదు."

"పాపకూ కొట్టదుగా?"

"పాపకూ కొట్టదు."

"పొరపాటున నాకు కొడితే?"

"నీకు కొడితే ఆ కరెంటు గతేం కావాలి," అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

వీధి మూల మీద రిపేరు కొట్టు ఉంది. రేడియోల నాటి నుంచి ఫోన్ల దాకా అన్నీ ఒక్క చేత్తో బాగుచేసిన పెద్దమనిషి. వేళ్ళ నిండా కాలిన మచ్చలు, కొట్టు నిండా టంకం పొగ. అసలు పేరు ఎవరికీ గుర్తులేక అందరూ టంకం బాబాయి అనేవాళ్ళు. ఆయన అద్దాలు నుదుటి మీదకు తోసి, చంకలో పాపతో నిలబడ్డ ఆమెను చూశాడు.

"పిల్లనిలా ఇచ్చి రెండు చేతులతో చూసుకోమ్మా."

"వద్దులే బాబాయ్, ఇలాగే చూస్తాను."

"నేనేం టంకం వేసి అతికించుకోనులే," అని, అగ్గిపెట్టె కంటే చిన్న ఫ్యాను ఒకటి బల్ల మీద పెట్టాడు. మూడు తీగలు వేలాడుతున్నాయి. "ఎర్రది కరెంటు పోయేది. నల్లది తిరిగొచ్చేది. ఈ నీలంది మాట వినేది. బోర్డుకు ఒళ్ళు వేడెక్కితే ఇందులోంచే కబురు పెడుతుంది. కబురొచ్చేదాకా మునిలా కూర్చుంటుంది మన ఫ్యాను."

బోర్డు అంచున రెండు వరసల్లో సూదుల్లాంటి పిన్నులుంటాయని, మూల నుంచి బయటి వరసలో రెండోది ఎరుపు, మూడోది నలుపు, నాలుగోది నీలం అని ఒక అట్టముక్క మీద రాసిచ్చాడు. తారుమారు చేశావో బోర్డుకు నూకలు చెల్లినట్టే అని కూడా అన్నాడు. ఆ ముక్క అనకపోయినా బాగుండేది. మెట్లెక్కుతున్నంతసేపూ ఆమె రెండు మూడు నాలుగు అని గొణుక్కుంటూనే వెళ్ళింది.

పాపను ఉయ్యాలలో వేసి, ప్లగ్గు పీకి, కుర్చీ ఎక్కి డబ్బా దించబోయింది. అప్పుడు చేతికి తగిలింది, బీరువా వెనక చుట్ట. వైరు మిగిలిపోతే రెండు మూరలు చుట్టి రబ్బరు బ్యాండు వేసి దోపి ఉంది. అందదన్నాడు కదా అనుకుంది. సరే, మగవాళ్ళు కొలిచి చెబుతారా ఏమన్నా అని తనే సర్దిచెప్పుకుంది.

బియ్యపుగింజంత మరలు నాలుగు. అందులో ఒకటి మంచం కిందికి దొర్లిపోతే చీపురుతో ఊడ్చి తీసింది. ఫ్యాను మీద వెండిరంగు స్టిక్కరు అందంగా ఉంటే, అందంగా ఉన్నది పైకి ఉండాలి కదా అని పైకే పెట్టి బిగించింది. తీగలు గుచ్చి, ప్లగ్గు పెట్టి, ఫోనులో బొమ్మ తెరిచింది. కాసేపటికి ఫ్యాను తిరిగింది. గాలి చూద్దామని పాప గౌనులోంచి దారప్పోగు లాగి పట్టుకుంటే అది పైకి ఎగురుతోంది. గాలి తన మొహానికి కొడుతోంది, చిప్పుకు ఏమీ లేదు. స్టిక్కరున్న వైపు నుంచే గాలి వస్తుందన్నమాట. మళ్ళీ ప్లగ్గు పీకి, నాలుగు మరలూ విప్పి, తిరగేసి బిగించింది. ఈసారి దారప్పోగు బోర్డు వైపు వాలింది.

పదో తరగతి పరీక్ష కూడా రాయని మనిషి కంప్యూటరుకు ఫ్యాను పెట్టింది. ఈ సంగతి చెప్పాలంటే లోకంలో ఒక్క మనిషికే చెప్పాలి. అక్కకు ఫోను చేసింది. అక్క ఎత్తలేదు.

సాయంత్రం భర్త అక్కడి నుంచే ఫోనులో ఏవో నొక్కి ఫ్యాను తిరిగే లెక్క సరిచేశాడు. "అరవై డిగ్రీలు దాటితే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది. ఎవరైనా బొమ్మ తెరిచి చూస్తేనే ఆ బోర్డుకు పని. పని ఉంటేనే దానికి వేడి. చూడనప్పుడు చప్పుడే ఉండదు, పాప నిద్ర చెడదు. ఎలా ఉంది నా తెలివి?"

"మీకేం తక్కువ," అందామె.

తెలివి చూపించుకోవడానికి అన్న మాట అది. ఆ ఒక్క మాటే అతను మింగేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మర్నాడు పొద్దున మంచం మీద కూర్చుని పాపకు పాలిస్తుంటే బీరువా మీద ఫ్యాను తిరగడం మొదలైంది. తేనెటీగ సీసాలో పడినట్టు సన్నటి రొద. ఫోను చూస్తే దిండు పక్కన బోర్లా పడి ఉంది. తను తెరవలేదు. ఎండకేమో అనుకుంది. గోడ గడియారం చూస్తే పది ఇరవై దాటింది. పది నిమిషాలు తిరిగి ఆగిపోయింది.

పన్నెండు అయిదుకు మళ్ళీ. ఒకటి యాభైకి మళ్ళీ. రెండున్నరకు గోడలు పెనంలా కాలుతుంటే మాత్రం చప్పుడు లేదు. మూడు ముప్పై అయిదుకు ఇంకోసారి.

పాపకు ఏ వైపు పాలిచ్చిందీ, ఎంతసేపిచ్చిందీ రాసుకునే పుస్తకం ఉందామెకు. ఆ అంచున చిన్న చక్రాలు గీసి ఫ్యాను వేళలు కూడా రాసింది. రెండో రోజు. మూడో రోజు. పది ఇరవై, పన్నెండు అయిదు, ఒకటి యాభై, మూడు ముప్పై అయిదు. భర్తేమో అనుకుందామంటే ఆ వేళల్లో అతను సొరంగంలో, అతని ఫోను గేటు పెట్టెలో.

మూడో రోజు ఆ నాలుగు అంకెలూ ఒకదాని కిందొకటి కనపడేసరికి ఆమె వాటిని పైనుంచి మళ్ళీ చదివింది. ఆ అంకెలు ఆమెకు నోటికొచ్చు. పాప పుట్టకముందు నుంచీ వచ్చు.

అక్క బస్సు ఆఖరి స్టాపు చేరి మళ్ళీ బయల్దేరే మధ్యలో పది నిమిషాలు ఆగుతుంది. డ్రైవరు టీకి దిగితే అక్క వెనక సీట్లో చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని చెల్లెలికి ఫోను చేసేది. రోజుకు నాలుగుసార్లు, ఆ నాలుగు వేళలకే. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "తిన్నావా?" తర్వాత ఆ ట్రిప్పులో ఎక్కినవాళ్ళ కథలు. చిల్లర లేదని దబాయించినవాడు, నిద్రపోయి స్టాపు దాటిపోయి తనను తిట్టినావిడ. పాప పుట్టాక ఆ నాలుగు ఫోన్లే ఆమెకు నాలుగు పూటలు.

మూడు నెలలుగా ఆ ఫోన్లు ఆగిపోయాయి. రష్షుగా ఉందే అని ఒకసారి, మిషను మొరాయిస్తోందే అని ఒకసారి. అలిసిపోతోంది పాపం అనుకుందామె.

మూడు నెలల కిందట ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. పాప మధ్యాహ్నం నుంచి గుక్కపట్టి ఏడుస్తోంది. ఒకటి యాభైకి ఫోను మోగింది. ఆ రోజు ఆమె ఎవరితోనూ అనకూడని మాట అక్కతో అంది.

"అక్కా, పాపను ఎత్తుకుని బాల్కనీలో నిలబడితే నా చేతులు నా మాట వినవేమోనని భయంగా ఉంది. వదిలేస్తానేమోనని. వదలాలని లేదక్కా. కానీ ఆ ఆలోచన వస్తోంది. వచ్చి పోవడం లేదు."

బాల్కనీ తలుపు గొళ్ళెం పెట్టుకో, లోపల కూర్చో అంది అక్క.

"ఎవరికీ చెప్పకక్కా. నా మీద ఒట్టు."

"పిచ్చిదానా, చెబుతానా."

ఆ రోజు నుంచి ఆమె బాల్కనీ తలుపు తియ్యలేదు. తడిబట్టలు వంటింట్లోనే ఆరేసుకుంది. భర్త డబ్బా తెచ్చింది ఆ తర్వాతి వారమే.

అయినా నమ్మడానికి మనసొప్పలేదు. పాపను చంకన వేసుకుని మూల మీద కొట్టుకు వెళ్ళింది.

"బాబాయ్, ఫ్యాను ఊరికే తిరుగుతోంది."

"ఊరికే తిరగదమ్మా. ఫ్యానుకు అబద్ధాలాడే తెలివి ఎక్కడిది? ఎవరో చూస్తుంటారు. మీ ఆయనేమో."

"ఆయనకు ఆ వేళప్పుడు ఫోను ఉండదు."

టంకం బాబాయి కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "అయితే ఆయన ఆ కెమెరా తాళంచెవి ఇచ్చినవాళ్ళు," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

మర్నాడు పన్నెండు అయిదుకు ముందే ఆమె కుర్చీ ఎక్కి నిలబడింది, చేతిలో పాప గుడ్డతో. ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. పన్నెండు ఆరుకు ఫ్యాను తిరిగింది. గుడ్డను కెమెరా మీద కప్పి, కిందికి దిగి, మంచం మీద కూర్చుని ఫోనును ఒళ్ళో పెట్టుకుంది. మోగకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

"ఏమే, ఏం చేస్తున్నావు?" అంది అక్క. ఆయాసపడుతోంది.

"బట్టలు మడతపెడుతున్నా."

"పాప?"

"ఉయ్యాలలో."

"ఉయ్యాలలోనేగా?"

"ఇంకెక్కడుంటుందక్కా?"

"ఏం లేదు, ఊరికే అడిగా. బాల్కనీ తలుపు వేసే ఉందా? ఎండగా ఉంది కదా, అందుకని."

బీరువా మీద ఫ్యాను ఇంకా తిరుగుతోంది.

"గుడ్డ తీసేయమంటావా అక్కా?"

అవతల బస్సు స్టార్టయింది. డ్రైవరు కాబోలు, పోదామా అమ్మా అని కేకేశాడు. "సాయంత్రం వస్తాను," అని అక్క పెట్టేసింది.

ఆరింటికి వచ్చింది, డ్యూటీ బట్టలతోనే. టికెట్ల సిరా వేళ్ళకు అలాగే ఉంది. కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీలో అంచున కూర్చుంది. చెల్లెలు మంచినీళ్ళిస్తే తాగకుండా పట్టుకుంది.

"ఎప్పుడు చెప్పావు ఆయనకు?"

"ఆ రోజే."

"ఏ రోజు? నేను ఒట్టు పెట్టిన రోజేనా?"

"ఒట్టు పట్టుకుని కూర్చోమంటావా? నువ్వన్నది చిన్న మాటా? పసిగుడ్డు. రేపేదన్నా అయితే, తెలిసీ నోరు మూసుకుందని లోకం అనేది నన్నే." అక్క గొంతు పెరిగింది. పాప ఉలిక్కిపడితే మళ్ళీ తగ్గించింది. "మీ ఆయన హడలిపోయాడు. పనిలో లోపలికి వెళితే నాకు తెలియదు వదినా, నువ్వు చూస్తుండు అన్నాడు. కెమెరా మాట ఆయనదే. ఆ తలుపు కనపడేలా పెట్టమన్నది మాత్రం నేను."

"చూసి?"

అక్క గ్లాసులోకి చూసింది.

"చెప్పు, చూసి ఏం చేద్దామనుకున్నారు?"

"ఈ నెలాఖరు దాకా చూద్దామనుకున్నాం. ఏమాత్రం తేడాగా ఉన్నా పాపను మీ అత్తగారి దగ్గర ఓ ఆరు నెలలు ఉంచుదామని."

"తేడాగా ఉందో లేదో చెప్పాల్సింది ఎవరు?"

అక్క సిరా వేళ్ళతో గ్లాసు తిప్పింది.

ఇన్నాళ్ళూ పాపను తీసుకుపోవడానికి వచ్చే మనిషికి ఆమె ఎన్నో మొహాలు పెట్టుకుని చూసింది. అత్తగారి మొహం పెట్టింది, ఎవరో నర్సు మొహం పెట్టింది. ఆ మొహానికి అక్క కళ్ళుంటాయని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"మరి ఏం చూశావు ఇన్నాళ్ళూ?"

"ఏం చూస్తాను. రోజుకు వందసార్లు పాప ముక్కు దగ్గర వేలు పెడతావు. ఆ గొళ్ళెం పడిందో లేదో లాగి లాగి చూస్తావు. పాప పడుకున్నాక మంచం కోడుకు తల ఆనించి నేల మీద కూర్చుని ఏడుస్తావు. మధ్యాహ్నం అన్నానికి వంటింట్లోకి వెళ్ళడమే మానేశావు. అదీ చూశాను."

"ఏడుస్తుంటే చూశావు."

"ఆఁ."

"అప్పుడు ఫోను చేయలేదేం?"

"చేస్తే చూస్తున్నట్టు తెలిసిపోతుంది కదే," అంది అక్క. అన్నాక తన మాట తనకే వినపడ్డట్టుంది, గ్లాసు కింద పెట్టేసింది.

"తినడం లేదని చూశావు. తిన్నావా అని ఒక్కసారి అడగలేదు," అంది చెల్లెలు. అరవలేదు. అరిస్తే అదీ లెక్కలోకి వస్తుందేమోనని ఇప్పటికీ భయమే. "నీ బస్సు రోజూ ఈ వీధి చివర్నుంచే వెళుతుంది. నేనా మాట నీకెందుకు చెప్పాననుకున్నావు? ఎవరికైనా చెబుతావనా? నువ్వొస్తావని చెప్పాను. వచ్చి, పాపను కాసేపు ఎత్తుకుని, నువ్వు పడుకోవే అంటావని చెప్పాను."

అప్పుడే భర్త ఫోను చేశాడు. అక్క ముందే కబురు పెట్టినట్టుంది, పలకరింపు లేకుండానే మొదలుపెట్టాడు. "చిన్నీ, అంతా నీ మంచికే. నువ్వు కంగారుపడతావనే..."

"వైరు అందదన్నారు," అందామె. "బీరువా వెనక రెండు మూరలు మిగిలే ఉంది."

కాసేపు సొరంగం గేటు దగ్గర లారీల చప్పుడు విని, ఆమే పెట్టేసింది.

"పాపనెవరూ తీసుకెళ్ళరులే," అంది అక్క లేచి నిలబడి. "నేను చెబుతాను."

"ఏమని? పాసయ్యానని చెబుతావా?"

పాప లేచి ఏడవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకేసారి ఉయ్యాల వైపు కదిలి, ఇద్దరూ ఆగిపోయారు. ఆమే ముందుకెళ్ళి పాపను తీసింది. కాసేపు గుండెకు ఆనించుకుని నిలబడింది. ఇన్ని నెలల్లో ఎవరి చేతికీ ఇవ్వని బిడ్డ.

"ఎత్తుకో," అంది. "నేను తినొస్తాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

వంటింట్లో నిలబడే తింది, చెవులు ముందు గదిలో పెట్టి. తనను ఎవరూ చూడకుండా, పాప ఎవరి దగ్గరుందో తెలిసి తిన్న ముద్ద అది. ఎంతో ఆకలిగా ఉందని తింటుంటేనే తెలిసింది. చెయ్యి కడుక్కుని గుమ్మంలోకి వచ్చేసరికి అక్క పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. ప్రతి తిరుగుడుకూ ఒకసారి ఆ కళ్ళు బాల్కనీ గొళ్ళెం మీదికి పోయి వస్తున్నాయి. గుమ్మంలో చెల్లెలు నిలబడి చూస్తోందని తెలిశాక కూడా పోయి వచ్చాయి.

ఆమె గుమ్మం దాటి వచ్చింది. చేతులు చాచి పాపను తీసుకుంది.

అక్క వెళ్ళేటప్పుడు రేపు ఫోను చేస్తానంది. ఇంతకుముందు ఆ మాటకు ఆమె రేపటి దాకా బతికేది. ఇప్పుడు తల మాత్రం ఊపింది.

పొద్దున లేచి, రబ్బరు బ్యాండు విప్పి, వైరు చుట్ట సాగదీసింది. డబ్బాను బీరువా అవతలి అంచుకు జరిపితే వైరు హాయిగా అందింది. కెమెరా మీది గుడ్డ తీసి, దాన్ని కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీ వైపు తిప్పింది. ఫోనులో చూసుకుంటే తలుపు లేదు, ఉయ్యాల లేదు, తను లేదు. ఇక అక్క తెరిచినా కనపడేది నిన్న తను కూర్చున్న ఖాళీ కుర్చీ ఒకటే, దాని పక్కన నేల మీద అక్క తాగకుండా వదిలేసిన గ్లాసు.

పది ఇరవైకి ఫ్యాను తిరిగింది. పది నిమిషాలూ తిరిగింది. ఫోను మోగలేదు.

పన్నెండు అయిదుకు ఫ్యాను తిరగలేదు. ఆమె పాపను ఒళ్ళో వేసుకుని చూస్తోంది. ఫోనూ మోగలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే అక్కేమోనని తలుపు వైపు తిరిగింది. చప్పుడు తలుపు దాటి పై అంతస్తుకు పోయింది. పై వాటావాళ్ళు. నాలుగు అడుగుల్లో వంటిల్లు ఉన్నా, ఒంటరిగా వెళ్ళి కంచం పెట్టుకోబుద్ధి కాలేదు. పుస్తకం తీసి, పన్నెండు అయిదు అని రాసి, పక్కన చక్రం గీయకుండా వదిలేసింది.

ఇలాంటి మేడ మీ వీధిలో కూడా ఒకటి ఉండే ఉంటుంది. రెండో అంతస్తు, ఎప్పుడూ వేసి ఉండే బాల్కనీ తలుపు, లోపల పసిబిడ్డతో ఒక మనిషి. ఆమె మీ చెల్లెలో, మీ వదినో, పక్క వాటా అమ్మాయో కావచ్చు. ఫోనులో చూసి బాగానే ఉందిలే అని సరిపెట్టుకోకండి. ఒకసారి ఆ మెట్లెక్కి వెళ్ళండి. బెల్లు మోగకపోతే తలుపు కొట్టండి. పాప ఎలా ఉందని తర్వాత అడగొచ్చు, ముందు ఆమె తిన్నదో లేదో అడిగి, కాసేపు ఆ కుర్చీలో కూర్చుని రండి.